ఆగకుండా నాలుగు చుట్లు

వింటేజి కారంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన కారు. యుద్ధం తర్వాత వచ్చినవాటిని క్లాసిక్ అనాలి. ఈ సంగతి నేను రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో, ఫ్యాను కింద కుర్చీ కోసం పేకాటరాయుళ్ళతో పోట్లాడి, చదివి తెలుసుకున్నాను. బిలాస్‌పూర్‌లో ఈ తేడా ఎవరికీ పట్టదు. తలుపు తీస్తే కీచుమన్న ప్రతి కారూ ఇక్కడ వింటేజే. ఆ లెక్కన మా బావ కారుకు నాలుగు తలుపులూ కీచుమంటాయి.

బావ అంటే మా అక్క భర్త. రైల్వేలో లోకో పైలట్‌గా పనిచేసి రిటైరయ్యాడు. సర్వీసంతా బొగ్గు గూడ్సులే నడిపాడు. దేశంలో సగం ఇళ్ళల్లో దీపాలు తనవల్లే వెలుగుతున్నాయని ఆయన నమ్మకం. ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర చాలా ఏళ్ళ కిందట ఆ కారు కొన్నాడు. కంపెనీ పేరు చెప్పను. తప్పు కంపెనీది కాదు, తర్వాత దాని పొట్టలో చేతులు పెట్టిన మెకానిక్కులది. కొన్నాక బావ దానికి పాత రైలు పెట్టెల ముదురు ఎరుపు రంగు వేయించాడు. దూరం నుంచి చూస్తే ప్యాసింజరు రైలు నుంచి తెగిపోయి రోడ్డున పడ్డ ముక్కలా ఉంటుంది.

నాకు కోర్టు దగ్గర చిన్న జెరాక్సు కొట్టు ఉంది. పదో తరగతితో నా చదువు ఆగింది. కాలేజీకి వెళ్ళినవాళ్ళు కాలేజీతో ఆపేశారు, నేను మాత్రం ఇంకా చదువుతూనే ఉన్నాను. రైల్వే పనులకు వలసొచ్చిన మా తెలుగువాళ్ళ కోసం ఇన్‌స్టిట్యూట్‌లో పెట్టిన తెలుగు బీరువా తాళం ఇప్పుడు నా ఒక్కడి కోసమే తీస్తారు. అది అయిపోయాక హిందీ బీరువా, అదీ అయ్యాక ఇంగ్లీషు బీరువా మొదలుపెట్టాను. అక్కడే మోటారు పందేల గురించి ఒక లావాటి పుస్తకం దొరికింది. మొనాకోలో ఊరి వీధుల్లోనే కార్ల పందెం పెడతారనీ, మలుపు తిరిగేటప్పుడు వెలుపలి అంచు నుంచి లోపలి అంచుకు వచ్చి మళ్ళీ వెలుపలికి పోవాలనీ అందులో బొమ్మలతో సహా ఉంది. ఈ విద్య బిలాస్‌పూర్‌లో ఎప్పటికైనా పనికొస్తుందని నేను అనుకోలేదు. ఈ-రిక్షావాళ్ళు అది చదవకుండానే చేస్తున్నారు.

గొడవ పార్కింగుతో మొదలైంది. రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి అక్కావాళ్ళు రాజ్‌కిశోర్ నగర్‌లో కింది అంతస్తు ఫ్లాట్ కొనుక్కున్నారు. ఫ్లాటుకు ఒకే ఒక్క కారు చోటు. అక్కకు ఏసీ ఉన్న చిన్న కారు కావాలి. రంగు కూడా అనుకుని పెట్టుకుంది. ఆ చోటులో ఎర్ర కారు కూర్చుని ఉంది.

"ఈ డబ్బాని ఇక్కడెట్టుకుంటే కొత్త కారు ఎక్కడెడతారు, నా నెత్తి మీదేటి?" అంది అక్క ఒకరోజు టీ గ్లాసులు పెడుతూ.

"డబ్బా కాదు. ఫుల్ కండిషన్లో ఉంది," అన్నాడు బావ.

"అచ్ఛా! రతన్‌పూర్ ఎల్లినప్పుడు ఏటయ్యిందో మర్సిపోనారా? అమ్మవారి మొక్కని బయల్దేరితే మీ బండి దారిలో పడుకుంది. నాను బస్సెక్కి ఎల్లి, దర్శనం సేసుకుని, బస్సెక్కి తిరిగొచ్చేను. వొచ్చేసరికి మీరు ఇంకా బానెట్టులోనే తలెట్టుకుని ఉన్నారు. ప్రసాదం మీకంటే ముందు బండికి పెట్టేను, లేస్తాదేమోనని."

"లేచింది కదా?"

"ప్రసాదానికి లేచింది, మీకు కాదు."

పాత సామాన్లవాణ్ణి ఇక్కడ కబాడీ అంటారు. అక్క అప్పటికే కబాడీతో మాట్లాడి ఉంచింది. వచ్చి తీసుకుపోతానన్నాడు. బావ దేనికీ ఎదురు చెప్పలేదు, అన్నం మాత్రం సగం మానేశాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన కనిపెట్టిన సమ్మె పద్ధతి అది.

సరిగ్గా ఆ వారమే నా కొట్టుకు ఒకాయన కరపత్రం జెరాక్సు చేయించుకోవడానికి వచ్చాడు. పాత కార్ల సరదా ఉన్నవాళ్ళు కొందరు కలిసి, ఆదివారం పొద్దున అర్పా నది ఒడ్డు రోడ్డూ దానికి ఆనుకున్న వీధులూ మూయించి పందెం పెడుతున్నారు. ముసలి కార్లు కనుక వేగం పోటీ కాదు. మొత్తం నాలుగు చుట్లు. మొదటి చుట్టుకు ఎంత సమయం పట్టిందో మిగతా మూడింటికీ అంతే పట్టాలి. ఎవరి చుట్లు ఎక్కువ సమానంగా ఉంటే వాళ్ళు గెలిచినట్టు. ఒక కాపీ ఎక్కువ తీసి జేబులో పెట్టుకున్నాను.

బావ దాన్ని రెండుసార్లు చదివాడు. "టైము తప్పకుండా నడపడం పందెమేటిరా? అది డ్యూటీ," అన్నాడు. కానీ ఆ పూట అన్నం పూర్తిగా తిన్నాడు.

అక్క కూడా చదివింది. ఆవిడ చాలా తెలివిగా ఒక మాట అంది. "సరే. నాలుగు చుట్లూ మధ్యలో ఆగకుండా తిరిగొస్తే బండి ఉంచుదాం. నాను కొత్త కారు మాటెత్తను. మధ్యలో ఆగిందా, సోమవారం పొద్దున్నే కబాడీకి. మళ్ళీ అన్నం మీద అలగడాలు ఉండవు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకున్నాను," అన్నాడు బావ. ఆయన ఒప్పుకున్నాడంటే అది ఇంజను మీద రాసిన నంబరులాంటిది, చెరగదు.

నేను పక్క సీట్లో కూర్చునే మనిషినయ్యాను. ఆ ఉద్యోగం పుస్తక జ్ఞానం వల్ల వచ్చిందని నేను అనుకున్నాను. మొదటి రోజు ప్రాక్టీసులోనే బావ ఆ భ్రమ తీసేశాడు.

"నువ్వు అసిస్టెంటువి. ఎదర ఏటి కనిపిస్తే అది చెయ్యి చూపించి గట్టిగా చెప్పాలి. నేను మళ్ళీ చెప్తాను. ఇద్దరం చెప్పుకున్నాకే ముందుకెళ్తాం."

ఇంజనులో అలాగే చేస్తారు. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు చెబితే రెండోవారు తిరిగి చెప్పాలి. ఇద్దరిలో ఒకరి కన్ను పొరబడ్డా రెండోవారు పట్టుకుంటారు. గొప్ప పద్ధతే. రాజ్‌కిశోర్ నగర్ రోడ్డు మీద మాత్రం అది ఇలా ఉంటుంది.

"స్పీడ్ బ్రేకర్!" అంటాను నేను వేలు చూపించి.

"స్పీడ్ బ్రేకర్!" అంటాడు బావ వేలు చూపించి.

"ఆవు!"

"ఆవు!"

పొద్దున్నే నడకకు వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి నిలబడిపోయేవాళ్ళు. ఒకాయన, ఏదో కొత్తరకం యోగా అనుకున్నాడేమో, బెంచీ మీద కూర్చుని తనూ వేలు చూపించాడు.

నా చదువు కూడా వాడదామని చూశాను. "బావా, ఈ మలుపులో బయట నుంచి లోపలికి కొయ్యి. దారి తగ్గుతుంది."

"పట్టా మీంచి దిగమంటావేటి?"

"పట్టా ఎక్కడుంది బావా? ఇది రోడ్డు."

"కనపడకపోతే లేనట్టా? డిరైల్‌మెంట్ అయితే ఎంక్వైరీలో నీ పుస్తకమొచ్చి సాక్ష్యం చెప్తాదేటి?"

ఆ తర్వాత మొనాకో గురించి నోరెత్తలేదు. గ్రంథాలయాల్లో దొరికేదాన్ని గ్రహించడానికి కూడా కొంత సంస్కారం ఉండాలి.

ఆదివారం పొద్దున నది ఒడ్డున జనం బాగానే వచ్చారు. రాయ్‌పూర్ నుంచి ఒక సేఠ్ పైకప్పు లేని కారు తెచ్చాడు. అది నిజమైన వింటేజి, యుద్ధానికి ముందుది. ఇత్తడి దీపాలు పెళ్ళి బ్యాండువాళ్ళ బాకాల్లా మెరుస్తున్నాయి. ఆయన తోలు టోపీ, కళ్ళజోడు పెట్టుకున్నాడు. అంత ఎండలో ఆ తోలు టోపీ కింద ఏం ఉడుకుతోందో దేవుడికే తెలియాలి. ఒక డాక్టరుగారు జీపులో వచ్చారు. బావ తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు ఇస్త్రీ చేసి వేసుకుని, టిఫిను క్యారేజీ, నీళ్ళ జగ్గు, టార్చిలైటు, ఒక ఎర్రజెండా, ఒక పచ్చజెండా తెచ్చుకున్నాడు.

"అంకుల్, యే సబ్ క్యోం?" అన్నాడు నంబరు అంటించడానికి వచ్చిన వాలంటీరు, ఆ సామాన్లన్నీ ఎందుకన్నట్టు చూస్తూ.

"డ్యూటీ హై," అన్నాడు బావ.

మా తెలుగువాళ్ళు నది ఒడ్డు మలుపు దగ్గర ఒక షామియానా కింద చేరారు. పాత రైల్వే కుటుంబాలన్నీ వచ్చాయి. మధ్యలో కుర్చీ వేయించుకుని అక్క కూర్చుంది, మెడలో చిన్న తువ్వాలు వేసుకుని. ఆవిడ పందెం చూడ్డానికి రాలేదు. బండి ఎక్కడ ఆగుతుందో కళ్ళారా చూసి, మర్నాడు వాదనకు తావు లేకుండా చేసుకోవడానికి వచ్చింది.

పచ్చజెండా ఊపారు. కార్లను ఒక్కొక్కటిగా వదులుతున్నారు, మొదట మమ్మల్నే. మా బండి కదల్లేదు.

"బావా, వెళ్ళు!"

"నువ్వు చెప్పలేదు."

"గ్రీన్! గ్రీన్!"

"గ్రీన్," అని ఒక్కసారి, నింపాదిగా అని, హారను కొట్టి బయల్దేరాడు. గీత దాటినప్పటి నుంచే మా లెక్క కాబట్టి నష్టం లేదు. నా గుండె మాత్రం ఆ కాసేపట్లో రెండు స్టేషన్లు దాటింది.

మొదటి చుట్టులో మమ్మల్ని దాటని కారు లేదు. బావకు అదేమీ అవమానం కాదు. జన్మంతా గూడ్సు నడిపినవాడు, వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ వస్తే పక్కకు తప్పుకోవడం ఆయన రక్తంలో ఉంది. హారను వినబడగానే ఎడమకు జరిగి, "జెండా చూపించు," అనేవాడు. దాటిపోయే బండికి అన్నీ సవ్యంగా ఉన్నాయని పచ్చజెండా చూపించడం రైల్వే మర్యాద. నేను కిటికీలోంచి పచ్చజెండా చూపించాను. డాక్టరుగారు కంగారుపడి వేగం తగ్గించారు. సేఠ్ మాత్రం సంతోషంగా సెల్యూట్ కొట్టి పోయాడు.

కానీ బండి ఆగలేదు. అదే అసలు విషయం. కూరల బజారు పక్క గతుకుల్లో దగ్గింది, కలెక్టరేటు వైపు ఎత్తులో మూలిగింది, ఆగలేదు. రెండో చుట్టులో బావ గడియారం వంక చూడలేదు, స్పీడోమీటరు వంకా చూడలేదు. అది చాలా కాలం కిందటే చనిపోయింది. ఇంజను చప్పుడు వింటూ, ఒకే పెదవి బిగింపుతో, ఒకే వరసలో నడిపాడు. మొదటి చుట్టులో ఎక్కడ హారను కొట్టాడో అక్కడే కొట్టాడు. ఎక్కడ ముక్కు గోక్కున్నాడో అక్కడే గోక్కున్నాడు.

మిగతావాళ్ళ సంగతి వేరు. సేఠ్ జనాన్ని చూసి ఉషారెక్కి వేగం పెంచాడు, తర్వాత గుర్తొచ్చి తగ్గించాడు. డాక్టరుగారు బంధువుల దగ్గర ఫొటోలకు నెమ్మదించారు. మేము రెండో చుట్టు ముగించేసరికి మైకులో హిందీలో అరిచారు. ఎర్ర కారు రెండు చుట్లూ అచ్చు ఒకేలా తిరిగిందట, అన్నిటికంటే ముందుందట.

"బావా, మనమే ఫస్టు!"

"నోరు కాదు, రోడ్డు," అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మూడో చుట్టులో నది ఒడ్డు మలుపు వచ్చింది. మైకు మాట మా షామియానాకు కూడా చేరినట్టుంది. కుర్చీలన్నీ ఖాళీ. మనుషులంతా తాళ్ళ దగ్గరికి వచ్చి గంతులేస్తున్నారు. అందరికంటే ముందు అక్క. కొత్త కారు, దాని ఏసీ, దాని రంగు, అన్నీ మర్చిపోయి, రెండు చేతులూ నెత్తి మీదికెత్తి, తువ్వాలు గిరగిర తిప్పుతూ, "ఓలమ్మో! రండి రండి! ఎల్లిపోండి!" అని అరుస్తోంది. ఇన్నేళ్ళలో ఆ కారును చూసి మా అక్క ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

బావ బ్రేకు మీద నిలబడ్డాడు.

టిఫిను క్యారేజీ ముందుకొచ్చి నా మోకాలికి తగిలింది. బండి అక్క ఎదురుగా, అంగుళం అటూ ఇటూ కాకుండా ఆగింది. ఇంజను ఒక్కసారి వెక్కి చచ్చిపోయింది. తువ్వాలు ఇంకా అక్క చేతిలో పైనే ఉంది.

రైల్వే ఇంట్లో పుట్టినవాళ్ళకు దీన్ని వివరించక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్పాలి. జెండా లేనప్పుడు ఎవరైనా రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలబడితే బండి ఆపమని అర్థం. ఏ వస్తువునైనా గట్టిగా ఊపితే, ముందు ప్రమాదం ఉందని అర్థం. అక్క రెండూ కలిపి చేసింది. ఆవిడ వెనక మా వాళ్ళందరూ చేశారు. డ్రైవరు ఆలోచించకూడదు, ఆపాలి. అలా ఆపబట్టే ఒకప్పుడు వర్షాకాలంలో, పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిన చోట, ఒక గ్యాంగ్‌మన్ తలపాగా ఊపితే బావ బండి ఒడ్డున మిగిలింది. ఆ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

బావ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏటయ్యింది? ట్రాక్ మీద ఏటుంది?"

"ఏటీ లేదు! మీరెందుకు ఆపేరు?"

"నువ్వెందుకు ఆపమన్నావు?"

"నానేటి ఆపమన్నాను? సంతోషం పట్టలేక ఊపేను!"

"డ్రైవరు పెళ్ళానివి, రెండు చేతులెత్తి సంతోషపడతావా?"

"మరెలగ పడాలి, ఒక చేత్తోనా?"

బావ తాళం తిప్పాడు. బండి దగ్గింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి దగ్గే ఓపిక కూడా లేదు. ఇంతలో వాలంటీరు పరుగెత్తుకొచ్చాడు. బయటివాళ్ళు తోస్తే పోటీ నుంచి తీసేస్తామనీ, తోయకపోతే వెనక కార్లకు అడ్డమనీ చెప్పాడు. దూరంలో సేఠ్ బాకా దీపాలు కనిపిస్తున్నాయి. అక్క ఒక్కసారి బావ వైపు చూసింది. ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని, ఎర్ర సిగ్నల్ ముందు కూర్చున్నట్టు, ఎదురుగా చూస్తున్నాడు.

"తీసేస్తే తీసెయ్, బాబూ," అంది అక్క హిందీలో. తువ్వాలు నడుముకు బిగించి కారు వెనక్కి వెళ్ళింది. "ఏరా తమ్ముడూ, నువ్వు మహారాజులాగ కూకున్నావేటి? దిగు!"

అక్కా, నేనూ, సగం తెలుగు సంఘమూ కలిసి తోశాం. బండి అంటుకుంది. మేము పోటీలో లేమని మైకులో చెప్పేశారు. అయినా బావ నన్ను ఎక్కించుకుని మూడో చుట్టు పూర్తి చేసి, నాలుగో చుట్టూ తిరిగాడు, అదే నడక, అదే హారను. సెక్షన్ మధ్యలో బండిని వదిలి రావడం ఆయనకు తెలియదు. చివర్లో నలుపు తెలుపు గళ్ళ జెండా ఊపారు.

"ఇదేటిరా?" అన్నాడు.

"అయిపోయిందని, బావా."

"అయిపోయిందా," అన్నాడు.

సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి కబాడీ తన ట్రాలీ ఆటోను గేటు లోపల పెట్టి, తాడు విప్పుతున్నాడు. బావ కారును కడిగి, తుడిచి, తాడు కట్టడానికి వీలుగా ట్రాలీ వెనక, గేటు దగ్గర తెచ్చి ఉంచాడు. లోపలి సామాన్లన్నీ తీసి గోడ పక్కన వరసగా పెట్టాడు, డ్యూటీ మారేటప్పుడు తర్వాతి డ్రైవరుకు అప్పగించినట్టు. తాళం చేతిలో ఉంది.

నేను రాత్రంతా ఆలోచించుకున్న వాదన మొదలుపెట్టాను. "అక్కా, నిజమైన పందేల్లో కార్లు మధ్యలో ఆగుతాయి. టైర్లు మార్చుకుంటాయి, పెట్రోలు పోసుకుంటాయి. దాన్ని ఆగడం కింద లెక్కవెయ్యరు. పుస్తకంలో..."

"నువ్వుండరా," అన్నాడు బావే. "ఆగింది. ఒప్పుకున్నాను. మాటంటే మాటే." తాళం అక్క ముందు పెట్టాడు.

అక్క తాళం తీసుకోలేదు. వీధి గుమ్మం దగ్గర నిలబడి కాసేపు ఆయన్ను చూసింది. రాత్రి ఆయన అన్నం మానలేదట. అడిగి మరీ పెరుగు వేయించుకుని తిన్నాడట. అలగడం ఉండదని ఒప్పుకున్నాడు కదా. అదే ఆవిణ్ణి ఎక్కువ భయపెట్టిందని తర్వాత నాతో అంది.

"ఒక సంగతి అడుగుతాను, సెప్పండి," అంది. "ఎవులో ఉత్తుత్తిగా సేతులెత్తేరు. డ్రైవరు బండి ఆపేసేడు. లేటయ్యింది. మీ రైల్వేలో శిక్ష ఎవులికి?"

"డ్రైవరుకి కాదు," అన్నాడు బావ వెంటనే. "డేంజర్ చూపిస్తే ఆపడం డ్యూటీ. ఆపకపోతేనే ఛార్జిషీటు."

"బండికా?"

"బండికేటి శిక్ష? బండేం చేసింది?"

"మరి బండినెందుకు కబాడీకిస్తారు? ఆ తాళం జేబులో ఎట్టుకోండి. సేతులెత్తినది నాను, శిక్ష నాకే. ఏసీ పోయింది నాకు. సెల్లుకి సెల్లు."

బావ తాళం జేబులో పెట్టుకున్న చెయ్యి చాలాసేపు బయటికి తీయలేదు.

కబాడీకి ఇదంతా తెలుగులో జరగడం వల్ల ఏమీ అర్థం కాలేదు. అమ్మేది లేదని హిందీలో చెప్పగానే తాడు నేలకేసి కొట్టాడు. ఊరవతల నుంచి ట్రాలీ తెచ్చానన్నాడు. అంతకంటే పెద్ద చిక్కు, గేటుకూ ట్రాలీకీ మధ్యలో కారుంది. అది కదిలితే తప్ప అతను బయటికి పోలేడు. బావ తాళం తిప్పాడు. అది యథాప్రకారం దగ్గింది. చివరికి నేనూ కబాడీ కలిసి తోశాం. అతను తోస్తున్నంతసేపూ ఛత్తీస్‌గఢీలో ఏదో అంటూనే ఉన్నాడు. నేను మూడు బీరువాలు చదివినా అందులో ఒక్క మాట కూడా ఏ పుస్తకంలోనూ తగల్లేదు.

కారు వెళ్ళి తన చోట్లో నిలబడింది. అక్క కబాడీకి టీ ఇచ్చింది. అతను గ్లాసు పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు, బానెట్టు మీద వేలి కణుపులతో కొట్టి చెవి దగ్గర పెట్టి విన్నాడు, మడ్‌గార్డు పట్టుకుని ఊపి చూశాడు.

"లోహా బఢియా హై, మాతాజీ," అన్నాడు. ఇనుము మంచిదన్నాడు.

అక్క గ్లాసు అతని చేతిలోంచి తీసేసుకుంది. ఇంకా రెండు గుక్కలు ఉన్నాయి అందులో.

"నజర్ మత్ లగావ్," అంది, దిష్టి పెట్టొద్దని.